జీపు ఇంటి బండి అయిన కథ

ఏటా నవంబరు చివర్లో మొదటి మంచు పడగానే మా డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న వినబడుతుంది. “ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి కొనాలా? మామూలు కారు సరిపోదా?” ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళయితే మరీ అడుగుతారు. మంచులో బండి నడపడం వాళ్ళకు కొత్త, పైగా వెనక సీట్లో పిల్లలుంటారు. “నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి భద్రతకు తిరుగులేదు” అని ఎవరో ఒకరు చెప్తారు. అమ్మేవాడు ఎలాగూ కాదనడు.

నేను చాలా ఏళ్ళుగా కార్ల విడిభాగాలు తయారుచేసే రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరకు కూడా వస్తుంటుంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్తే పెద్దగా లాభం లేదు. ఈ ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకు పుట్టింది, ఇంటి బండిలోకి ఎలా వచ్చింది, ఒక్కో మెట్టులో ఏ చిక్కు విడిపోయింది అన్నది తెలిస్తే, అది దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. అందుకని ఈసారి ఒక బండి వంశవృక్షం చెప్తాను. ఆ వంశం పేరు మనందరికీ తెలిసిందే: జీపు.

మనకు జీపు అంటే కంపెనీ పేరు కాదు, ఒక రకం బండి. తాసిల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికలప్పుడు మైకు కట్టుకుని ఊరంతా తిరిగే జీపు. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో అమెరికన్ విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. ఆ పేరు అలా మన భాషలోకి వచ్చి స్థిరపడిపోయింది. అన్నట్లు, ఊళ్ళ మధ్య జనాన్ని కుక్కుకుని తిరిగిన సర్వీసు జీపుల్లో చాలావాటికి వెనక చక్రాలకే ఇంజను బలం అందేది. జీపు ఆకారం ఉన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగుతాయని కాదు. ఈనాటి ఎస్.యు.వి.ల విషయంలో కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

యుద్ధం కోసం పుట్టిన బండి

1940 వేసవిలో, ఐరోపాలో యుద్ధం ముదురుతున్న రోజుల్లో, అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఒక ఆహ్వానం పంపింది. తేలికైన బండి కావాలి, నాలుగు చక్రాలూ లాగాలి, మొదటి నమూనా 49 రోజుల్లో చేతికివ్వాలి. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో ఉన్న అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ దీనికి పూనుకుంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు నమూనా గీశాడు. 1940 సెప్టెంబరు 23న, గడువు దాటకుండా, ఆ బండిని మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్‌లో సైన్యానికి అప్పజెప్పారు.

అయితే సైన్యానికి కావలసినన్ని బళ్ళు తయారుచేసే తాహతు బాంటమ్‌కు లేదు. అందుకని టొలీడోలోని విల్లీస్ ఓవర్‌లాండ్ కంపెనీ, ఫోర్డ్ కంపెనీ రంగంలోకి వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి ఈ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. విల్లీస్ జీపు ఇంజను బలం 60 గుర్రాలు మాత్రమే. ఈనాటి చిన్న కారుకు కూడా అంతకు మించే ఉంటుంది. అయినా బురదలో, ఇసుకలో, కొండ దారుల్లో అది వెళ్ళినట్టు ఇంకో బండి వెళ్ళలేకపోయింది. కారణం నాలుగు చక్రాలూ లాగడమే.

లాభం ఏమిటి, చిక్కు ఏమిటి?

బండిని ముందుకు తోసేది ఇంజను కాదు, టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. ఒక్కో టైరుకు దొరికే పట్టు రెండు విషయాల మీద ఆధారపడుతుంది: నేల ఎంత గరుకుగా ఉంది, ఆ టైరు మీద ఎంత బరువు పడుతోంది. రెండు చక్రాలే లాగే బండిలో మిగతా రెండు చక్రాల మీద పడే బరువు, బయల్దేరేటప్పుడు వృథా. నల్లరేగడి నేల మీద వాన పడ్డ రోజున కారు వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరగడం మనం చూసిందే. అదే నాలుగు చక్రాలూ లాగితే బండి బరువంతా పట్టుగా మారుతుంది. లాభం ఇదీ.

ఇక చిక్కు సంగతి. పల్లెటూళ్ళో కళ్ళం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నూర్చేటప్పుడు పశువులను వరసగా కట్టి గుంజ చుట్టూ తిప్పుతారు. గుంజ పక్కన ఉన్న ఎద్దు చిన్న చిన్న అడుగులు వేస్తుంది. చివర ఉన్న ఎద్దు గబగబా నడవాలి. మలుపు తిరిగే కారు చక్రాలదీ ఇదే పరిస్థితి, బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి. ఎడ్లబండికి ఈ బాధ లేదు, ఎందుకంటే దాని చక్రాలు ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి. కారు చక్రాలకు ఇంజను బలం అందాలి కాబట్టి వాటిని అలా వదిలెయ్యడానికి లేదు. అందుకే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల గుత్తి పెడతారు. రెండు చక్రాలకూ బలం పంచుతూనే, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగనివ్వడం దాని పని.

ఈ తేడా కుడి ఎడమల మధ్యే కాదు, ముందు వెనకల మధ్య కూడా ఉంటుంది. చిన్న లెక్క చేద్దాం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.6 మీటర్లు అనుకోండి. వెనక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్థం ఉన్న వలయంలో తిరుగుతోందనుకోండి. పైథాగరస్ సూత్రం ప్రకారం ముందు ఇరుసు మధ్యభాగం తిరిగే వలయం వ్యాసార్థం సుమారు 6.54 మీటర్లు. ఒక పూర్తి చుట్టులో వెనకది 37.7 మీటర్లు వెళితే ముందుది 41.1 మీటర్లు వెళ్ళాలి. తేడా 3.4 మీటర్లు. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే ముందు చక్రాలు వెనకవాటికన్నా ఒకటిన్నర చుట్లు ఎక్కువ తిరగాలన్నమాట.

యుద్ధకాలపు జీపులో ముందు వెనక ఇరుసులను కలిపే ట్రాన్స్‌ఫర్ కేసులో డిఫరెన్షియల్ లేదు. లీవరు లాగితే రెండు షాఫ్టులూ గట్టిగా కలిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలోనో ఇసుకలోనో అయితే ఆ ఒకటిన్నర చుట్ల తేడా టైర్లు కాస్త జారడంతో సరిపోతుంది. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టుల మీద, గేర్ల మీద మెలిగా పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు అరుగుతాయి, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే పొడి రోడ్డు ఎక్కగానే డ్రైవరు లీవరుతో రెండు చక్రాల చోదకానికి మార్చుకోవాలి. ఈ రకాన్నే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు.

సైనికుడికి ఇది సమస్య కాదు. పిల్లలను బడిలో దింపి బజారుకు వెళ్ళే ఇల్లాలికి సమస్యే. రోడ్డు కొంత పొడి, కొంత మంచు, మళ్ళీ పొడి. ఎన్నిసార్లని లీవరు లాగుతుంది? జీపు ఇంటి బండి కావాలంటే ఈ చిక్కు విడిపోవాలి. దానికి 30 ఏళ్ళు పట్టింది.

వాగనీర్ వచ్చింది

యుద్ధం అయిపోయాక విల్లీస్ వాళ్ళు 1946లో జీపు ముఖంతో ఒక స్టేషన్ వ్యాగన్ తెచ్చారు. రూపకర్త పేరు బ్రూక్స్ స్టీవెన్స్. అప్పటిదాకా వ్యాగన్లకు చెక్క బాడీలు ఎక్కువ. ఇది పూర్తిగా ఉక్కు రేకుతో చేసినది. కార్ల బాడీలు చేసే ఫ్యాక్టరీలు పని ఒత్తిడిలో ఉండడంతో, మామూలు రేకు సామాన్లు చేసేవాళ్ళు కూడా అచ్చు వెయ్యగలిగేటంత సాదాగా దాన్ని గీశాడు. చెక్క బాడీలకు అలవాటు పడ్డ జనం కోసం పక్కలకు చెక్కను తలపించే రంగులు వేశారు. 1949లో దీనికి ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఇచ్చారు. ఒక కుటుంబం అంతా కూర్చుని వెళ్ళగలిగిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అప్పుడు పుట్టింది.

1953లో విల్లీస్ కంపెనీ కైజర్ చేతికి వెళ్ళింది. 1962 నవంబరులో, 1963 మోడలుగా, జీప్ వాగనీర్ వచ్చింది. దీనిని గీసినది కూడా స్టీవెన్సే. ఇందులో విశేషం ఏమిటంటే, ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు ఆటోమేటిక్ గేరు కూడా దొరికేది. మెత్తటి సీట్లు, కారులాంటి కూర్చునే తీరు. తర్వాత కొన్నేళ్ళకు పవర్ స్టీరింగు, ఎయిర్ కండిషనింగు లాంటి సదుపాయాలన్నీ చేరాయి. ఎస్.యు.వి. అన్న మాట ఇంకా వాడుకలోకి రాకముందే వచ్చిన మొట్టమొదటి విలాసవంతమైన ఎస్.యు.వి. ఇదేనని చాలామంది అంటారు. పేర్లు, యజమానులు మారినా అదే చట్రం, దాదాపు అదే ఆకారంతో ఇది 1991 దాకా అమ్ముడుపోయింది. చివరి రోజుల్లో గ్రాండ్ వాగనీర్ అని పేరు పెట్టి, పక్కలకు చెక్క డిజైను అంటించి అమ్మారు.

కానీ మొదటి వాగనీర్‌లో కూడా లీవరు తప్పలేదు.

లీవరు పోయిన రోజు

ముందు వెనక ఇరుసుల మధ్య మూడో డిఫరెన్షియల్ పెడితే లీవరు అక్కర్లేదు, నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగవచ్చు. ఈ ఆలోచన మీద ఎక్కువగా శ్రమపడిన మనిషి హారీ ఫెర్గూసన్. మన పొలాల్లో తిరిగే మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు పేరులో ఉన్న ఫెర్గూసన్ ఈయనే. ఆయన 1960లో పోయారు. ఆయన పెట్టిన సంస్థ చేసిన ఏర్పాటుతో 1966లో జెన్సన్ ఎఫ్.ఎఫ్. అనే బ్రిటిష్ కారు వచ్చింది. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో కూడా మధ్య డిఫరెన్షియల్ ఉంది.

అమెరికాలో 1970లో అమెరికన్ మోటార్స్ కంపెనీ కైజర్ నుంచి జీపు వ్యాపారం కొనుక్కుంది. 1973 మోడల్ వాగనీర్‌కు క్వాడ్రా ట్రాక్ అనే ఏర్పాటు వచ్చింది. డ్రైవరు చెయ్యవలసింది ఏమీ లేదు. పొడి రోడ్డయినా మంచయినా నాలుగు చక్రాలూ లాగుతూనే ఉంటాయి. జీపు నిజంగా ఇంటి బండి అయింది అప్పుడే అని నా అభిప్రాయం.

అయితే డిఫరెన్షియల్ స్వభావంలో ఒక దోషం ఉంది. అది రెండు వైపులకూ సమానమైన బలం పంచుతుంది. ఒక వైపు చక్రం గ్లాసులాంటి మంచు మీద ఉండి ఊరికే తిరుగుతుంటే, దానికి కావలసిన బలం దాదాపు సున్నా. కాబట్టి రెండో వైపుకూ అంతే అందుతుంది. మూడు డిఫరెన్షియల్స్ ఉన్న బండిలో ఒక్క చక్రం జారినా బండి నిలిచిపోయే అవకాశం ఉందన్నమాట. కాబట్టి తేడాను కొంతవరకు అనుమతిస్తూ, మితిమీరితే అడ్డుకునేది ఏదో కావాలి. క్వాడ్రా ట్రాక్‌లో దీనికి శంకువు ఆకారంలో ఉండే క్లచ్చులు వాడారు.

తర్వాత వచ్చినది ఇంకా అందమైన ఉపాయం, విస్కస్ కప్లింగ్. ఒక డబ్బాలో పల్చటి ఉక్కు పళ్ళేలు బోలెడన్ని ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి ముందు షాఫ్టుకు, మిగతావి వెనక షాఫ్టుకు తగిలించి ఉంటాయి. మధ్యలో చిక్కటి సిలికాన్ ద్రవం. బెల్లం పాకంలో గరిటె నెమ్మదిగా తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది, వేగంగా తిప్పబోతే చెయ్యి లాగేస్తుంది కదా? ఇదీ అంతే. మలుపుల్లో వచ్చే చిన్న తేడాను పోనిస్తుంది. చక్రం జారి పెద్ద తేడా వస్తే గట్టిగా పట్టేస్తుంది. ఫెర్గూసన్ శిష్యపరంపర నుంచి వచ్చిన ఈ ఉపాయాన్ని అమెరికన్ మోటార్స్ 1980 మోడల్ ఈగిల్ అనే కారులో పెట్టింది. ఈగిల్ ఆకారానికి మామూలు కారే, కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఈనాటి క్రాసోవర్‌లకు పెద్దన్న అనుకోవచ్చు.

చెరొకీ, ఆ తర్వాత గ్రాండ్ చెరొకీ

వాగనీర్ బరువైన బండి. నిచ్చెనలాంటి ఉక్కు చట్రం, దాని మీద బాడీ. 1970ల పెట్రోలు కొరత తర్వాత అలాంటి బండి మధ్యతరగతికి భారమైంది. 1984 మోడలుగా వచ్చిన జీప్ చెరొకీకి, కంపెనీ భాషలో ఎక్స్‌జె కి, విడిగా చట్రం లేదు. కారు లాగా బాడీయే చట్రం. పాత బండితో పోలిస్తే సుమారు 450 కిలోల బరువు తగ్గింది. అయినా ముందూ వెనకా గట్టి ఇరుసులు, ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి గేరు అలాగే ఉంచారు. కొనేవాళ్ళు పార్ట్ టైమ్ కావాలో ఫుల్ టైమ్ కావాలో ఎంచుకోవచ్చు. దీని వెనక ఉన్న ప్రధాన ఇంజనీరు రాయ్ లన్. అంతకు ముందు ఫోర్డ్ వారి జీటీ40 రేసు కారు పనిలో పేరు తెచ్చుకున్నవాడు, ఈగిల్ కూడా ఆయన చలవే.

నలుగురు కూర్చుని, సామాను వేసుకుని, వారం రోజులు ఆఫీసుకు, వారాంతంలో కొండలకు వెళ్ళే బండిగా చెరొకీ జనానికి నచ్చింది. 2001 దాకా 28 లక్షలకు పైగా తయారయ్యాయి. 1987లో క్రైస్లర్ కంపెనీ అమెరికన్ మోటార్స్‌ను కొన్నదే ముఖ్యంగా జీపు కోసం.

1992 జనవరి డెట్రాయిట్ కార్ల ప్రదర్శనకు గ్రాండ్ చెరొకీ వచ్చిన తీరు ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రైస్లర్ అధికారి బాబ్ లట్జ్, నగర మేయర్ కోల్మన్ యంగ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, జెఫర్సన్ నార్త్ ఫ్యాక్టరీ నుంచి బండి నడుపుకుంటూ వచ్చి, కోబో హాలు మెట్లెక్కి, గాజు అద్దం పగలగొట్టుకుని లోపలికి వెళ్ళాడు. 1993 మోడల్‌లో విస్కస్ కప్లింగ్, డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు వచ్చాయి. జీపు ఇప్పుడు డాక్టర్ల ఇళ్ళ ముందు, లాయర్ల ఇళ్ళ ముందు కనబడే బండి అయింది.

చట్టం చేసిన సాయం

జనం ఇష్టపడ్డారు కాబట్టే ఎస్.యు.వి.లు పెరిగాయనుకుంటే అది సగం నిజం. మిగతా సగం చట్టంలో ఉంది. పెట్రోలు కొరత తర్వాత 1975లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ప్రతి కంపెనీ అమ్మే కార్లు సగటున గ్యాలనుకు ఇన్ని మైళ్ళు ఇవ్వాలని నియమం పెట్టింది. కార్లకు 1990 నుంచి 2010 దాకా ఆ సంఖ్య 27.5 మైళ్ళు. లైట్ ట్రక్కులకు మాత్రం వేరే లెక్క. 1996 నుంచి 2004 దాకా 20.7 మైళ్ళే. ట్రక్కులు రైతులు, మేస్త్రీలు వాడుకునేవి కాబట్టి మినహాయింపు అన్నమాట.

నాలుగు చక్రాలూ లాగుతూ, నేల నుంచి తగినంత ఎత్తులో ఉన్న బండి ఆ చట్టం దృష్టిలో లైట్ ట్రక్కు. కాబట్టి పెద్ద స్టేషన్ వ్యాగన్ అమ్మితే కంపెనీకి సగటు పడిపోతుంది, అదే సామానుతో ఎత్తయిన ఎస్.యు.వి. అమ్మితే గొడవ లేదు. పెద్ద వ్యాగన్లు కనబడకుండా పోవడానికి ఇదొక కారణం. సుబారు వాళ్ళు 2005 మోడల్ అవుట్‌బ్యాక్ ఎత్తు కాస్త పెంచి దానిని ట్రక్కుల లెక్కలోకి మార్చుకున్నారు. బండి ఎత్తు పెరగడానికి కారణం ఎప్పుడూ రోడ్డే కానక్కర్లేదు.

కారు కడుపున పుట్టినవి

1990ల మధ్యలో జపాను కంపెనీలు ఇంకో దారి పట్టాయి. జీపును మెత్తబరిచే బదులు, కారునే కాస్త ఎత్తు చేశారు. టొయోటా రావ్4 జపానులో 1994లో, హోండా సీఆర్‌వీ 1995లో వచ్చాయి. సీఆర్‌వీలో మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. ముందు షాఫ్టుతో తిరిగే నూనె పంపు ఒకటి, వెనక షాఫ్టుతో తిరిగే పంపు ఒకటి ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరిగితే ఒకటి తోసిన నూనెను రెండోది లాగేసుకుంటుంది. ముందు చక్రాలు జారి వేగంగా తిరిగితే నూనె మిగిలిపోతుంది. ఆ ఒత్తిడికి క్లచ్చి పళ్ళేలు బిగిసి వెనక చక్రాలకు బలం అందుతుంది. కంప్యూటరు లేకుండా చేసిన ఏర్పాటు, తక్కువ ఖర్చు, తక్కువ బరువు. అయితే ముందు చక్రాలు కాస్త జారిన తర్వాతే వెనకవి మేలుకుంటాయి.

ఆ తర్వాత ఈ క్లచ్చులను కంప్యూటర్లు నడపడం మొదలైంది. ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సరు ఎలాగూ ఉంది. ఏ చక్రం జారుతోందో దానికి మాత్రం బ్రేకు పడేలా చేస్తే, రెండో చక్రానికి బలం దానంతటదే అందుతుంది. డిఫరెన్షియల్ పాత దోషానికి ఇది చవకైన మందు. 2016 మోడల్ రావ్4 హైబ్రిడ్‌లో అయితే ముందు నుంచి వెనకకు షాఫ్టే లేదు, వెనక ఇరుసుకు ఒక విద్యుత్ మోటారు పెట్టారు. రెండు మోటార్ల విద్యుత్ కార్లలో ముందూ వెనకా దేనికదే. కళ్ళంలో ఎద్దుల సమస్య అక్కడ లేనే లేదు.

జీపు కూడా ఈ దారిలోకి వచ్చింది. 2014 మోడల్ చెరొకీ కారు చట్రం మీద కట్టినదే. అవసరం లేనప్పుడు వెనక ఇరుసు విడిపోయి పెట్రోలు ఆదా అయ్యే ఏర్పాటు పెట్టారు. గల్ఫ్‌లో ఇసుక తిన్నెల మీదకు వెళ్ళే మనవాళ్ళకు మాత్రం లో రేంజి గేరు, గట్టిగా కలిపే ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్న పాత తరహా బళ్ళే ఈనాటికీ అక్కరకొస్తాయి.

ఇన్నేళ్ళలో మారనిది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైన చెప్పిన ప్రతి మెట్టూ, లీవరు దగ్గర్నుంచి విద్యుత్ మోటారు దాకా, బండి కదలడానికి సంబంధించినది. ఆగడానికి సంబంధించినది ఒక్కటీ లేదు. ఎందుకంటే ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి. ఆగేటప్పుడు అన్ని బళ్ళూ నాలుగు చక్రాల బళ్ళే.

లెక్క చూడండి. బ్రేకు నొక్కాక బండి వెళ్ళే దూరం వేగం వర్గాన్ని బట్టి, రోడ్డు పట్టును బట్టి ఉంటుంది. బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. గంటకు 40 మైళ్ళ వేగంతో వెళ్తున్నారనుకోండి. పట్టు 0.7 ఉండే పొడి రోడ్డు మీద సుమారు 23 మీటర్లలో ఆగుతారు. పట్టు 0.25 ఉండే గట్టిపడిన మంచు మీద 65 మీటర్లు. పట్టు 0.1 ఉండే నున్నటి గడ్డ మంచు మీద 163 మీటర్లు. ఈ లెక్కలో ఎన్ని చక్రాలు లాగుతున్నాయన్న సంఖ్య ఎక్కడా లేదు. మలుపులో బండి పక్కకు జారకుండా ఆపేది కూడా ఈ పట్టే.

ఇంకో సంగతి. రెండు చక్రాల కారులో సిగ్నలు దగ్గర బయల్దేరగానే చక్రం జారుతుంది. అది ఒక హెచ్చరిక. “రోడ్డు బాగాలేదు, నెమ్మదిగా వెళ్ళు” అని బండి చెప్పడమే. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆ హెచ్చరికను మన చెవిన పడనివ్వదు. జంకు లేకుండా బయల్దేరుతుంది, హాయిగా 40 మైళ్ళ వేగం అందుకుంటుంది. రోడ్డు ఎంత జారుడుగా ఉందో మొదటిసారి తెలిసేది బ్రేకు మీద కాలు వేసినప్పుడే. మా స్నేహితుడొకాయన మంచు మొదలైన మొదటి వారంలో సరిగ్గా ఇలాగే ఎర్ర సిగ్నలు దగ్గర ముందు కారుకు తగిలించాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. “బండి అంత బాగా వెళ్తుంటే రోడ్డు బాగానే ఉందనుకున్నాను” అన్నాడు. మంచు తుఫాను రోజున రోడ్డు పక్క గుంటలో ఎస్.యు.వి.లు కూడా ఎందుకు కనబడతాయో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

ఎత్తు సంగతి కూడా చూడాలి. బండి ఎంత తేలిగ్గా బోల్తా పడుతుందో చెప్పే సాదా కొలత ఒకటి ఉంది. కుడి ఎడమ చక్రాల మధ్య దూరాన్ని, గరిమనాభి ఎత్తుకు రెండింతలు చేసి దాంతో భాగించాలి. చక్రాల మధ్య 60 అంగుళాలు, గరిమనాభి ఎత్తు 21 అంగుళాలు ఉన్న కారుకు 1.43 వస్తుంది. అదే వెడల్పుతో 26 అంగుళాల ఎత్తు ఉన్న ఎస్.యు.వి.కి 1.15. సంఖ్య తగ్గేకొద్దీ బోల్తా ప్రమాదం ఎక్కువ. 2001 మోడళ్ళ నుంచి అమెరికా ప్రభుత్వం బోల్తా ప్రమాదానికి కూడా నక్షత్రాల గుర్తులు ఇస్తోంది. బండి అదుపు తప్పుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడళ్ళ నుంచి అన్ని కార్లకూ, ఎస్.యు.వి.లకూ తప్పనిసరి చేశారు. దీనివల్ల బోల్తాలు బాగా తగ్గాయి. పాత బండి కొనేటప్పుడు ఇది ఉందో లేదో తప్పకుండా చూడండి.

మరి కొనాలా, వద్దా?

మీ ఇంటి ముందు దారి ఏటవాలుగా ఉంటే, మీ వీధికి మంచు తీసే బండి ఆలస్యంగా వస్తే, రాత్రి డ్యూటీకి తప్పనిసరిగా వెళ్ళవలసిన ఉద్యోగమైతే, కొనండి. బయల్దేరడానికి, ఎక్కడానికి దాన్ని మించింది లేదు. చదునైన ఊళ్ళో, శుభ్రం చేసిన రోడ్ల మీద తిరిగేవాళ్ళకు తప్పనిసరి కాదు. బండి ఖరీదుతో పాటు, సాధారణంగా గ్యాలనుకు ఒకటి రెండు మైళ్ళు తక్కువ వస్తాయని కూడా లెక్కలో వేసుకోండి.

ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే ముందు మంచి చలికాలపు టైర్లు కొనండి. మామూలు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడ్ కన్నా చల్లబడితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉన్న టైరు కోసం చూడండి. ఇది కదలడానికీ, తిరగడానికీ, ఆగడానికీ మూడింటికీ పనికొస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మాత్రం నాలుగు టైర్లూ ఒకేసారి మార్చండి. రెండే మార్చితే చుట్టుకొలతల్లో తేడా వచ్చి, బండి తిన్నగా వెళ్తున్నా మధ్యలోని క్లచ్చి అరుగుతూనే ఉంటుంది. ఎస్.యు.వి. కప్పు మీద సామాను గుట్టగా కట్టకండి, గరిమనాభి ఇంకా పైకి పోతుంది.

చివరిగా ఒక పని. ఈ ఏడు మొదటి మంచు పడ్డ ఆదివారం ఉదయం, ఖాళీగా ఉన్న ఏదైనా పెద్ద పార్కింగ్ స్థలానికి మీ బండి తీసుకువెళ్ళండి. ఇంట్లో కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలుంటే వాళ్ళనూ తీసుకువెళ్ళండి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గంటకు 20 మైళ్ళ వేగంలో బ్రేకు గట్టిగా నొక్కి, ఎంత దూరంలో ఆగిందో అడుగులు వేసి కొలవండి. 40 మైళ్ళ వేగంలో దానికి నాలుగు రెట్లు పడుతుంది. ఆ దూరం ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు ముందు బండికి ఎంత ఎడం ఇవ్వాలో మళ్ళీ ఎవరినీ అడగరు.